పిల్లి ఆపరేషన్‌కు బంగారం తాకట్టు పెట్టడం సరైనదేనా?

చిన్నచౌకు అమ్మాయి:
మా ఆరేళ్ల మగపిల్లి బుజ్జికి మూత్రం బందయింది. పోయిన నెల ఇట్లే అయితే కడపలోనే డాక్టరు పైపు వేసి తీశారు. ఇప్పుడు మళ్లీ మట్టి డబ్బాలో కూర్చుని ముక్కుతా ఉంది, చుక్క రావడం లేదు. తిరుపతి తీసుకుపోయి ఆపరేషన్ చేయించమంటున్నారు. కారు బాడుగతో కలిపి నలభై వేల దాకా అవుతుంది. గాజులు బ్యాంకులో పెడదామంటే మా ఆయన "మనిషికైతే పెడదాం, పిల్లికి కూడానా?" అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

పులివెందుల అన్న:
చెల్లెమ్మా, మీ ఆయన మాట తీసిపారేయొద్దు. మాకు గొర్రెలున్నాయి, జీవాల మీద ప్రేమ లేక చెప్పడం లేదు. తాకట్టు పెట్టిన నగలు విడిపించుకోలేక వేలానికి వదిలేసిన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. జూన్ వస్తే పిల్లల ఫీజులు. బాధ లేకుండా ఇంజెక్షన్ ఇచ్చి పంపేయమని డాక్టరును అడుగు. అందులో పాపం లేదు.

ప్రొద్దుటూరు వాసి:
అన్నా, అప్పు గురించి మీరు చెప్పింది నిజం. కానీ ఇంజెక్షన్ దాకా అప్పుడే పోవద్దు, ఈ జబ్బు అట్లాంటిది కాదు.

అక్కా, మగపిల్లికి మూత్రనాళం చివర చాలా సన్నగా ఉంటుంది. ఇసుకలాంటి పొడి, జిగురు చేరితే మూసుకుపోతుంది. మూత్రం కదలకపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజులకు మించి టైం ఉండదు. అందుకే ఆపరేషన్ సంగతి పక్కన పెట్టి, ఇప్పుడే కడపలోనే మళ్లీ పైపు వేయించి సెలైన్ పెట్టించండి. కిడ్నీలు ఎట్లా ఉన్నాయో రక్తపరీక్ష చేయించండి. కిడ్నీలు బాగుంటే ఈ ఆపరేషన్‌తో ఇంకా ఏళ్ల తరబడి బతికే వయసే బుజ్జిది. పూర్తిగా పాడైపోయి ఉంటే మాత్రం నేనూ అన్న మాటే అంటాను.

మా ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది. తిరుపతికి కారు మాట్లాడకముందు, అక్కడ ఈ ఆపరేషన్ చేస్తారా అని మీ డాక్టరుతోనే ఫోను చేయించండి.

డబ్బు పెట్టడం తప్పు కాదు, పెట్టలేక ఇంజెక్షన్ ఇప్పించడమూ తప్పు కాదు. "రేపు చూద్దాం" అని ఇంటికి తెచ్చుకోవడమే తప్పు. మా పక్కింటివాళ్లు అదే చేశారు. పిల్లి బియ్యం మూటల వెనక దూరి రాత్రంతా అరిచింది. పొట్ట రాయిలా గట్టిపడింది, చెయ్యి వేయనివ్వలేదు. తెల్లారేసరికి పోయింది. ఇంకో మాట, నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ మాత్రం వేయకండి. పిల్లులకు అది విషం.

పులివెందుల అన్న:
పైపు వేయించడానికి నేను అడ్డం చెప్పను. ఆపరేషన్‌కైతే ఎంతవరకు పెట్టగలరో మొగుడూ పెళ్లాం ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరండి. ఆస్పత్రి వరండాలో, అది మూలుగుతుంటే, ఎవరైనా ఎంతైనా ఒప్పుకుంటారు.

అనంతపురం అక్క:
మా పిల్లికీ రెండుసార్లు బందయింది. ప్యాకెట్లో వచ్చే పిల్లి మేత, ఆ ఎండు గింజలు బాగా తగ్గించి, ఉడికించిన చికెన్ నీళ్లతో సహా పెడుతున్నాం, నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టాం. ఆపరేషన్ అవసరం పడలేదు. అందరికీ ఇట్లే అవుతుందని చెప్పలేను గానీ డాక్టరును అడిగి చూడు. మీ ఆయన మాట మాత్రం నాకు నచ్చలేదు. ఆరేళ్లు నీ పక్కలో పడుకున్న జీవి అది.

చిన్నచౌకు అమ్మాయి:
పైపు వేశారు, మూత్రం వచ్చింది, మొదట్లో ఎర్రగా ఉండింది. కిడ్నీలకు పెద్ద దెబ్బ తగల్లేదన్నారు. అక్కా, ఆయన్ను ఏమీ అనొద్దు, సెలైన్ సీసా పట్టుకుని నిలబడింది ఆయనే. ఇరవై వేలు దాటకూడదని ఇద్దరం అనుకున్నాం, గాజుల్లో ఒక్కటే పెడతాం. ప్రొద్దుటూరులో సోమవారం చూస్తామన్నారు. పిల్లితో ఉండనిచ్చే గది అక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి.