ఫిడేలు సాధనలో ఉత్సాహం తగ్గినప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న (రాయగడ నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 42 ఏళ్లు. చిన్నతనం నుంచి మనసులో ఉన్న కోరిక ఇన్నాళ్లకు తీర్చుకుందామని ఏడాదిన్నర క్రితం ఫిడేలు మొదలుపెట్టాను. గురువుగారు విజయనగరంలో ఉంటారు. నెలకు రెండు ఆదివారాలు పొద్దున్నే రైలెక్కి వెళ్లి, గంటసేపు పాఠం చెప్పించుకుని సాయంత్రానికి ఇల్లు చేరుతాను. తొలి స్వర పాఠాలైన సరళీ వరుసలు, జంట వరుసలు పూర్తిచేసి ఇప్పుడు వాటి తరువాత వచ్చే, తాళాలకు కూర్చిన అలంకారాలలో ఉన్నాను.

రోజూ రాత్రి గంటసేపు సాధనకు కూర్చోవడం మానలేదు. అయితే వాయించిందే వాయిస్తూ మాటిమాటికీ గడియారం వైపు చూస్తున్నాను. నిరుడు దసరాకు ఎలా పలికిందో ఈనాటికీ అలాగే పలుకుతున్నట్టు అనిపిస్తోంది. మా అమ్మాయి కూడా నేర్చుకుంటానంటోంది కానీ, ఒడియా మీడియంలో చదువుతున్నందువల్ల నా తెలుగు స్వరాల పుస్తకం చదవలేదు. ఆసక్తి నిలుపుకుంటూ సాధన చేసే పద్ధతి ఏదైనా ఉంటే పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం (బరంపురం నుంచి)

అయ్యా, మీ శ్రమలో లోపం ఉందని నేను అనుకోవడం లేదు. మీరు గంటసేపు కూర్చుంటున్నారు, కానీ ఆ గంటలో దేనిని సరిచేయాలో ముందుగా నిర్ణయించుకోవడం లేదు. వీణకు తీగల కింద 24 మెట్లు (అడ్డపట్టీలు) ఉంటాయి కనుక వేలు కొంచెం అటూ ఇటూ అయినా మెట్టు స్వరాన్ని నిలబెడుతుంది. ఫిడేలుకు మెట్లు లేవు. వినకుండా వందసార్లు వాయిస్తే వేలికి తప్పు స్థానమే అలవాటవుతుంది, దానిని మాన్పించడానికి మళ్లీ అంతకు రెట్టింపు శ్రమ పడాలి.

మీ వాద్యమే మీకు తప్పొప్పులు చెప్పే ఉపాయం ఒకటి ఉంది. తీగలు మంద్ర (కింది స్థాయి) షడ్జం (స), మంద్ర పంచమం (ప), మధ్య (నడిమి స్థాయి) షడ్జం, మధ్య పంచమాలకు సరిగ్గా శ్రుతి చేసుకుని, మంద్ర పంచమం తీగ మీద మూడో వేలితో షడ్జం పలికించండి. అది ఖచ్చితంగా కుదిరితే, మీరు తాకని మధ్య షడ్జం తీగ దానంతట అదే కంపిస్తుంది; దీపం వెలుగులో ఆ కదలిక కంటికి కూడా కనిపిస్తుంది. వేలు ఏ మాత్రం తప్పినా ఆ తీగ ఊరుకుంటుంది. మధ్య షడ్జం తీగ మీద నాలుగో వేలితో పంచమం పెట్టినప్పుడు పక్కనున్న పంచమం తీగ కూడా ఇలాగే సమాధానం ఇస్తుంది. రోజూ మొదటి పది నిమిషాలు దీనికే కేటాయించండి.

తరువాత తొలి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగాన్నే తీసుకోండి. ఈ రాగంలో స, రి, గ, మ మధ్య ఉన్న దూరాలే ప, ధ, ని, స మధ్య కూడా ఉంటాయి. కనుక షడ్జం తీగ మీద వేళ్లు ఎక్కడ పడతాయో పంచమం తీగ మీద కూడా అక్కడే పడాలి. మొదటి వేలు వాద్యం తల వైపు బాగా వెనక్కి, రెండో వేలు దూరంగా, మూడో వేలు రెండో దానికి దాదాపు ఆనుకుని ఉండాలి. రిషభం (రి) సరిగా పలికి ధైవతం (ధ) తప్పుతోందంటే, ఆ తప్పు ఎక్కడుందో మీకు అప్పుడే తెలిసిపోతుంది. అలంకారం మొత్తాన్ని ఇరవైసార్లు వాయించే బదులు, తప్పిన ఆ రెండు స్వరాలను మొదటి కాలంలో (నెమ్మది వేగంలో), ఒక్కొక్కదానికి నిండు కమాను లాగుతూ వాయించండి.

నిరుటికీ ఇప్పటికీ తేడా లేదన్న మాటను మాత్రం నేను నమ్మలేను. ఇన్ని నెలల్లో మీ చెవి మీ వేళ్ల కంటే వేగంగా ఎదిగి ఉంటుంది. నెలకొకసారి ఒకే అలంకారాన్ని ఫోనులో రికార్డు చేసి దాచుకోండి, మూడో నెలలో మొదటిది వినండి. గీతాలు (అలంకారాల తరువాత నేర్పే చిన్న పాటలు) రాకముందే సినిమా పాటల జోలికి పోవద్దని కూడా నా మనవి.

రెండో సమాధానం (పర్లాకిమిడి నుంచి)

అన్నయ్యగారూ, ముందు వాద్యాన్ని ఒకసారి గురువుగారికి చూపించండి. రెండేళ్ల క్రితం నేను మానేద్దామనుకున్నది నా చేతకానితనం వల్లనే అనుకున్నాను, కానీ తీగలు పాతబడి, కమాను వెంట్రుకలు అరిగిపోయాయని తరువాత తెలిసింది. మన వైపు వానాకాలంలో బిరడాలు (తీగలు బిగించే చెక్క మరలు) ఉబ్బి బిగుసుకుపోతాయి, ఎండలకు జారిపోతాయి. శ్రుతి చేసుకోవడానికే పావుగంట పడితే ఎవరికైనా విసుగు పుడుతుంది. సాధన ముగిశాక కమానును వదులు చేయడం మరవకండి.

మూడో సమాధానం (గుణుపురం నుంచి)

బరంపురం పెద్దాయన చెప్పినవన్నీ శిరోధార్యమే కానీ, పాటల విషయంలో సవినయంగా విభేదిస్తున్నాను. ఫిడేలు మన సంగీతంలో ప్రధానంగా పక్కవాద్యంగా ఎదిగింది, ఒంటరిగా గదిలో కూర్చున్న మనిషికి ఆ ఆనందం సగమే అందుతుంది. మీ వీధి రామాలయంలో శనివారం భజన జరుగుతుంటే, పాడేవారి శ్రుతికి తీగలు సరిచేసుకుని, తెలిసిన ఒక్క నామావళినైనా వారి వెంట వాయించండి. ఎదుటివారు ఆగినచోట ఆగడం, వారు సాగదీసినచోట కమానును నిలపడం ఇంట్లో అలవడవు.

అమ్మాయి గురించి బెంగ పడవద్దు. స, రి, గ, మలను ఒడియా లిపిలో రాసుకుంటే సరిపోతుంది. అయినా తొలి నెలలు పుస్తకం లేకుండా పాడించి, విన్నదానినే వేళ్ల మీదకు తెమ్మనండి. మీరు పాఠానికి వెళ్లే విజయనగరంలోనే 1919లో సంగీత కళాశాల వెలసింది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ ఫిడేలు బోధించారు. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుకు సోలో కచేరీలలో గౌరవం తెచ్చిన ఆ మహనీయుని చూపు చిన్ననాటి నుంచీ మందమే. ఆయన రికార్డింగులు తండ్రీకూతుళ్లు కలిసి వినండి, ఒక్క కమానులో స్వరం ఎంతసేపు సన్నబడకుండా నిలుస్తుందో గమనించండి.

ప్రశ్న అడిగినవారు (రెండు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. మూడో వేలి షడ్జాన్ని రోజూ పదిసార్లు పరీక్షిస్తున్నాను. తొలి రోజు తీగ మూడుసార్లే కదిలింది, నిన్న ఏడుసార్లు కదిలింది. ధైవతం దగ్గర నా మొదటి వేలు ముందుకు జారుతోందని తెలిసింది, రిషభానికి మాత్రం సరిగానే పడుతోంది. ఇప్పుడు గడియారం చూడాలన్న ధ్యాస లేదు. అమ్మాయి తన నోటుపుస్తకంలో స్వరాలు ఒడియాలో రాసుకుని, నేను వాయిస్తుంటే పాడుతోంది. వచ్చే ఆదివారం ఆమెను కూడా రైలెక్కించుకుని వెళ్లి, ఆ ధైవతం స్థానాన్ని గురువుగారి చేత మరోసారి చూపించుకుంటాను.