అప్‌డేట్: సలాడ్ ఆకులు ఇప్పుడు వాడిపోవట్లేదు

పోయిన వారం అడిగాను కదండీ, సలాడ్ కలిపిన పది నిమిషాలకే ఆకులు వాడిపోయి గిన్నె అడుగున నీళ్లు చేరుతున్నాయని. తప్పంతా తడిదే. మెహిదీపట్నం రైతుబజార్‌లో కొన్న లెట్యూస్ కడిగి, మీరు చెప్పినట్టే పాత కాటన్ చీర ముక్కలో మూటగట్టి గట్టిగా విదిలించాను. గుడ్డ తడిసి ముద్దయింది! ఇన్నాళ్లూ ఆ నీళ్లన్నీ గిన్నెలోకే పోయేవన్నమాట.

డ్రెస్సింగ్‌కి 3 చెంచాల ఆలివ్ నూనె, 1 చెంచా నిమ్మరసం, అర చెంచా మస్టర్డ్ సాస్, కాస్త తేనె, మిరియాలపొడి సీసాలో పోసి గిలకొట్టాను. మస్టర్డ్‌లోని ఆవ వల్ల నూనె, పులుపు వెంటనే విడిపోలేదు, చిక్కగా కలిసింది. సలాడ్‌లో వేసిన ఫెటా చీజ్ ఎలాగూ ఉప్పగానే ఉంటుంది, అందుకే ఉప్పు చిటికెడే. కంచాలు పెట్టాకే డ్రెస్సింగ్ ఆకుల్లో కలిపాను. పచ్చి ఆకులంటే మొహం తిప్పుకునే మా అత్తయ్య రెండోసారి వేయించుకున్నారు. మీ అందరికీ చాలా థాంక్స్.