అప్‌డేట్: ట్విన్ మోటార్ డకోటా టేకాఫ్‌లో ఎడమకి లాగే సమస్య తీరింది

పోయిన నెల అడిగాను కదా, నా డకోటా రిమోట్ కంట్రోల్ మోడల్ విమానం (రెండు బ్రష్‌లెస్ మోటార్లు, 4ఎస్ లైపో అంటే నాలుగు సెల్స్ లిథియం బ్యాటరీ) ఫుల్ థ్రాటిల్ ఇవ్వగానే ఎడమకి తిరిగిపోతోంది, కుడి రడ్డర్ (తోక మీద పక్కలకి తిప్పే పలక) మొత్తం ఇచ్చినా ఆగట్లేదని. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ముందు ప్రొపెల్లర్లు తీసేసి ఈఎస్‌సీలు (మోటార్ స్పీడ్ కంట్రోలర్లు) రెండిటినీ విడివిడిగా క్యాలిబ్రేట్ చేశా, దాంతో మోటార్లు ఒకేసారి స్టార్ట్ అవుతున్నాయి గానీ లాగడం మాత్రం తగ్గలేదు. అసలు సంగతి కరెంట్ ఎంత లాగుతోందో చూపించే వాట్‌మీటర్‌తో బయటపడింది, ఆ సలహా ఇచ్చినాయనకి ప్రత్యేకంగా థాంక్స్. ప్రొపెల్లర్లు మళ్లీ బిగించి, విమానాన్ని గట్టిగా కట్టేసి ఒక్కో మోటార్ విడిగా చూస్తే కుడిది 31 ఆంప్స్, ఎడమది 22 దగ్గరే ఆగిపోయింది, పైగా బ్యాటరీ నుంచి రెండుగా చీలే వైర్‌లో ఎడమ కనెక్టర్ ముట్టుకోలేనంత వేడి. దాని మీది ష్రింక్ (ప్లాస్టిక్ తొడుగు) కోసి చూస్తే సోల్డర్ సరిగ్గా కరిగి పట్టలేదు, బయటికి బాగానే కనిపించింది. మళ్లీ సోల్డర్ చేశాక 31, 30.

మీ సలహాల్లో థ్రస్ట్ యాంగిల్ (మోటార్ బిగించిన కోణం) మార్చడం, ఎడమ మోటార్ మార్చడం రెండూ అనవసరమే అయ్యాయి. ఒక బీఈసీ (ఈఎస్‌సీలో ఉండే, రిసీవర్‌కి కరెంట్ ఇచ్చే భాగం) ఎర్ర వైర్ పీకేయడం మంచిదే, పీకేసి అలాగే ఉంచేశా, కానీ ఈ సమస్యకి దానికి సంబంధం లేదు.

ఇప్పటికి ఆరు ఫ్లైట్లు అయ్యాయి, కొంచెం కుడి రడ్డర్‌తో నేరుగా లేస్తోంది, చూస్తుంటే ఎంత హాయిగా ఉందో!