మొబిలిటీ స్కూటర్: ఫుట్‌పాత్ అంచులు, ర్యాంపులు, లిఫ్టుల దగ్గర ఎలా నడపాలి?

కొత్తసీటు:
మా నాన్నగారి కోసం నాలుగు చక్రాల చిన్న మొబిలిటీ స్కూటర్ (ఎక్కువ నడవలేనివారు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి) తీసుకున్నాం. భాగాలు విడదీసి కారు డిక్కీలో పెట్టుకునే రకం. అంచులు 5 సెంటీమీటర్ల ఎత్తు వరకు, వాలు 6 డిగ్రీల వరకు ఎక్కుతుందని మాన్యువల్‌లో ఉంది. చదునైన నేల మీద చక్కగా నడుపుతున్నారు. ఫుట్‌పాత్ అంచు, ర్యాంపు, కాలువ మీది ఇనుప జాలీ, లిఫ్టు వచ్చేసరికి ఏం చెప్పాలో మాకు తెలియడం లేదు. అంచును ఏటవాలుగా ఎక్కిస్తే కుదుపు తగ్గుతుందని ఆయన వాదన. నిజమేనా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

ఇరుసు:
కుదుపు తగ్గుతుందేమో గానీ బండి తిరగబడుతుందండీ. ముందు ఆ అలవాటు మాన్పించండి. ఏటవాలుగా వెళ్తే ఒక ముందు చక్రం పైకెక్కుతుంది, రెండోది కిందే ఉంటుంది. బండి వెడల్పు అర మీటరు చుట్టుపక్కల, మనిషి బరువంతా పైన సీటు మీద. కాస్త పక్కకు ఒరిగినా ఆ బరువు చక్రాల గీత దాటి బయటికి పోతుంది. సీటు వెనక ఉండే చిన్న చక్రాలు బండి వెనక్కి పడకుండా ఆపుతాయి, అంతే. పక్కకు పడేటప్పుడు వాటి వల్ల ఉపయోగం లేదు.

అంచుకు అర మీటరు దూరంలో బండిని పూర్తిగా ఆపమనండి. హ్యాండిల్ తిన్నగా ఉందో లేదో చూసుకుని, నడుము ముందుకు వంచి, హ్యాండిల్ దగ్గర బండిని కదిలించే లివర్‌ను నెమ్మదిగా, ఒకే తీరున నొక్కాలి. ముందు చక్రాలు రెండూ ఒకేసారి తాకాలి. ఎక్కడం మొదలయ్యాక వెనక చక్రాలు కూడా పైకి వచ్చేదాకా లివర్ వదలకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ముందు చక్రాలు ఎక్కగానే భయపడి చెయ్యి తీసేస్తారు, బ్రేకు పడుతుంది. వెనక చక్రాలు అంచుకు ఆనుకుని నిలిచిపోతాయి. అక్కడి నుంచి మళ్లీ కదలాలంటే మోటారు చాలా ఎక్కువ కరెంటు లాగాలి, దాంతో బ్రేకర్ ట్రిప్ అయి కరెంటు ఆగిపోతుంది. బ్యాటరీ పెట్టె దగ్గర చిన్న బటన్ బయటికి పొడుచుకు వస్తే అదే సంగతి. ఒక నిమిషం ఆగి దాన్ని లోపలికి నొక్కితే బండి మళ్లీ పనిచేస్తుంది. కానీ అదే అంచు మీద రెండోసారి ప్రయత్నం వద్దు, వెనక్కి వచ్చి ర్యాంపు వెతుక్కోవాలి.

దిగేటప్పుడూ తిన్నగానే, ముందువైపుకే, వేగం డయల్‌ను తాబేలు బొమ్మ (అతి తక్కువ వేగం) దగ్గర పెట్టి, వీపు సీటుకు ఆనించి. రివర్స్‌లో దిగడం అసలు వద్దు.

ఎత్తు కంటితో అంచనా వేస్తే పొరపాటు పడతాం. ఆయన చేతికర్ర కింది కొస నుంచి సరిగ్గా 5 సెంటీమీటర్ల దగ్గర రంగు టేపు చుట్టండి. కర్రను అంచు పక్కన నిలబెట్టినప్పుడు అంచు టేపు కన్నా ఎత్తుగా ఉంటే అది ఎక్కకూడని అంచు.

వాలుబల్ల:
ర్యాంపుల సంగతి నేను చెబుతాను. 6 డిగ్రీలంటే మీటరు పొడవుకు సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు. 1:12 (ఎత్తుకు పన్నెండు రెట్లు పొడవు) లెక్కన కట్టిన ర్యాంపు 5 డిగ్రీల లోపే ఉంటుంది కాబట్టి మీ బండికి ఇబ్బంది లేదు. గుమ్మం ముందు వేసే మడత ర్యాంపుల దగ్గర జాగ్రత్త. 15 సెంటీమీటర్ల గడపకు 1:12 కావాలంటే ర్యాంపు పొడవు 1.8 మీటర్లు ఉండాలి. మీటరు పొడవున్నది వేస్తే వాలు 8 డిగ్రీలు దాటుతుంది.

ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి. సీటు వెనక బరువైన సంచి తగిలించకూడదు, ముందు చక్రాలు తేలికై హ్యాండిల్ మాట వినదు. వాలు మధ్యలో అడ్డంగా తిరగకూడదు. బాగా నిటారు ర్యాంపు మొదట్లో ఇంకో చిక్కు ఉంది: ఆ వెనక చిన్న చక్రాలు నేలకు తగిలి బండిని పైకెత్తుతాయి, నడిపించే చక్రాలు గాలిలో తిరుగుతుంటాయి. అడ్డం వస్తున్నాయని కొందరు వాటిని ఊడదీస్తారు. దయచేసి ఆ పని చేయకండి, అలా జరిగిందంటే ర్యాంపు పొడవు చాలదని అర్థం.

దిగడానికి ముందే డయల్ తగ్గించాలి. లివర్ ఒక్కసారిగా వదిలితే బ్రేకు గట్టిగా పడి మనిషి ముందుకు తూలతాడు, మెల్లగా వదలాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటి. మోటార్ సైకిల్ నడిపినవారు కంగారులో పిడికిలి బిగిస్తారు, బ్రేకు అనుకుని. ఇక్కడ బిగిస్తే బండి ఇంకా ముందుకు పోతుంది. చెయ్యి వదలడమే బ్రేకు. ఖాళీ స్థలంలో, బండి తాబేలు వేగంలో ఉండగా, పక్కన నడుస్తూ 'ఆపండి' అని హఠాత్తుగా చెప్పి సాధన చేయించండి. వేళ్లు వాటంతటవే తెరుచుకునేదాకా రద్దీలోకి పంపకండి.

కొత్తసీటు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. టేపు ఉపాయం ఈరోజే చేస్తాం. లిఫ్టు గురించి కూడా చెప్పరా? లోపల తిప్పడానికి చోటు లేదు. ఇంకొకటి, ఆయన లేవబోతుంటే బండి ఒక్కోసారి ముందుకు ఉరుకుతోంది. ఏమైనా లోపమా?

జాలీమూత:
లోపం కాకపోవచ్చండీ. లేచేటప్పుడు ఆసరాకి హ్యాండిల్ పట్టుకుంటారు, అరచెయ్యో చొక్కా చేతి అంచో లివర్‌కు తగులుతుంది. తాళంచెవి బయటికి తీశాకే లేవాలి, కూర్చున్నాకే తాళంచెవి పెట్టాలి. ఆసరాకి హ్యాండిల్ కాకుండా సీటు పక్కన చెయ్యి ఆనించే కమ్మీలు పట్టుకోమనండి. తిరిగే సీటైతే గడియ టక్కున పడిందో లేదో కూడా చూసుకోవాలి. తాళంచెవి తీసినా కదిలితే ఫ్రీవీల్ లివర్ (బండిని చేత్తో తోసుకెళ్లడానికి చక్రాలను వదులు చేసేది) చూడండి. అది తోసుకెళ్లే స్థితిలో ఉంటే బ్రేకు ఉండదు, వాలు మీద బండి జారిపోతుంది.

లిఫ్టులోకి తిన్నగా ముందుకు వెళ్లి, రివర్స్‌లో బయటికి రావడమే మేలు. లిఫ్టు నేల, బయటి నేల సమంగా ఆగాయో లేదో చూసి కదలండి. రివర్స్‌లో హ్యాండిల్ ఎడమకు తిప్పితే వెనక భాగం ఎడమకే పోతుంది. రెండు భుజాల మీదుగానూ వెనక్కి చూడాలి, అద్దం ఉన్నా సరే.

తలుపుల దగ్గర గుర్తుంచుకోవాల్సింది: వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మలుపు లోపలివైపు కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం తలుపు దాటగానే తిప్పితే వెనక చక్రం ద్వారబంధానికి తగులుతుంది, మోకాలో మోచెయ్యో నలుగుతుంది. సీటు పూర్తిగా తలుపు దాటాకే తిప్పాలి.

ఇనుప జాలీల మీద, సందులు ఏ దిక్కున ఉన్నాయో ముందు చూడండి. మన దారికి అడ్డంగా ఉంటే చక్రం కమ్మీల మీదుగా దొర్లిపోతుంది. దారి వెంబడే ఉంటే సన్నటి చక్రం సందులో దిగిపోతుంది, అప్పుడు పక్క నుంచి వెళ్లాలి. తడి జాలీ మీద తిప్పడం, ఆపడం రెండూ వద్దు. స్పీడ్ బ్రేకర్‌నూ తిన్నగానే, నిదానంగా దాటాలి. ఈ చిన్న బండ్ల కింది భాగం నేలకు బాగా దగ్గరగా ఉంటుంది, దిబ్బ ఎత్తుగా ఉంటే మధ్యలో కూర్చుండిపోతుంది.

ఇసుకలోనో కంకరలోనో కూరుకుపోతే లివర్ నొక్కుతూ ఉండకండి, చక్రం ఇంకా లోతుకు తవ్వుకుంటుంది. ఆయన్ను దింపి, ఫ్రీవీల్‌లో పెట్టి, ఇద్దరు కలిసి ఫ్రేమ్ పట్టుకుని లాగండి. సీటు, బుట్ట పట్టుకుని లేపితే అవి ఊడి చేతికొస్తాయి. బయటికి వచ్చాక, ఆయన మళ్లీ ఎక్కకముందే, ఫ్రీవీల్ లివర్‌ను యథాస్థానంలో పెట్టి బండిని చేత్తో నెట్టి చూడండి. కదలకూడదు.