మరిగే ద్రవంతో కూలింగ్: సన్న చానళ్లలో గ్రావిటీని వదిలేయొచ్చా?

చంద్రగిరి కుర్రోడు:
అన్నలూ, ఒక తగవు తీర్చండి. పవర్ బోర్డుకు బిగించే రాగి ప్లేటులో 1.5 మి.మీ. వెడల్పు, అంతే లోతు చానళ్లు కోయించాం. కింద హీటర్, పైన గాజు మూత. ఇంతవరకూ నీళ్లే మరిగించాం. లీకైతే బోర్డు కాలిపోతుందన్న టెన్షన్‌తో ఇప్పుడు కరెంటు పారనివ్వని పెర్‌ఫ్లోరోహెక్సేన్‌కు మారాం. ఇంత సన్న చానల్లో గ్రావిటీ పనిచేయదు, ప్లేటును పడుకోబెట్టి టెస్ట్ చేస్తే చాలు అంటాడు ప్రాజెక్టులో నా జోడీ. నిలబెట్టి కూడా చూడాలంటాను నేను. రివ్యూకు పది రోజులే ఉంది.

రేణిగుంట సోల్డర్:
నీ జోడీదే రైటు తమ్ముడూ. ఆసుపత్రిలో సెలైన్ గొట్టం చూడలేదా? నిలువుగా వేలాడుతున్నా అందులో ఇరుక్కున్న గాలిబుడగ పైకి పోదు, నర్సమ్మ వేలితో కొట్టాలి. అదే తాపీమేస్త్రీ మట్టం చూసే లావు గొట్టంలో అయితే బుడగ దానంతటదే పైకొచ్చేస్తుంది. సెలైన్ గొట్టంలోనే ఓడిపోయిన గ్రావిటీ 1.5 మి.మీ.లో ఏం పీకుతుంది?

కొండకింద కాఫీ:
అయితే కొండమీద పప్పు తొందరగా ఉడకనిది గ్రావిటీ తక్కువయ్యేనా?

సూళ్లూరుపేట పాతకాపు:
అది గాలి ఒత్తిడి తగ్గడం వల్ల సామీ. తిరుమలలో నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. గ్రావిటీ తగ్గేది పదివేలలో మూడు పాళ్లు కూడా ఉండదు.

ఇక అసలు సంగతి. సెలైన్ గొట్టం మాట నిజమే, కానీ అది నీళ్ల కథ. బుడగను గోడల మధ్య బిగించి పెట్టేది తలతన్యత, పైకి లాగేది ద్రవానికీ ఆవిరికీ ఉన్న సాంద్రత తేడా. తలతన్యతను ఆ తేడాతోనూ గురుత్వ త్వరణంతోనూ భాగించి వర్గమూలం తీస్తే ఒక పొడవు వస్తుంది. మరిగే నీళ్లకు అది 2.5 మి.మీ. చానల్ దానికి రెట్టింపు లోపు ఉంటే బుడగ ఇరుక్కుంటుందని ఒక మోటు లెక్క. 5 లోపు అన్నమాట, నీ 1.5 కు ఢోకా లేదు. పెర్‌ఫ్లోరోహెక్సేన్‌కు తలతన్యత నీళ్లలో ఏడో వంతే, సాంద్రతేమో ఒకటిన్నర రెట్ల పైమాట. ఆ పొడవు ముప్పాతిక మిల్లీమీటరుకు పడిపోతుంది. రెట్టిస్తే ఎంత? 1.5! నీ చానల్ సరిగ్గా గట్టుమీద కూర్చుంది. రాగిని ముట్టుకోకుండానే సన్న చానల్‌ను లావు చేసుకున్నావు.

రేణిగుంట సోల్డర్:
లెక్క ఒప్పుకుంటా. కానీ పంపు జోరు పెంచితే గ్రావిటీ గోల ఉండదు కదా?

సూళ్లూరుపేట పాతకాపు:
ఉండదు, అది కూడా తేలిన విషయమే. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు విమానాన్ని ఎగరేసి దించే ఆ కొద్ది సెకన్ల బరువులేనితనంలో ఇదే జాతి ద్రవాన్ని మరిగించి చూశారు. ప్రవాహం మెల్లగా ఉన్నప్పుడు వేడి గోడ నేలమీద కంటే ముందే ఎండిపోయింది. వేగం సెకనుకు 1.5 మీటర్లు చేరేసరికి నేలమీదా అక్కడా ఒకటే. తర్వాత నాసాతో కలిసి 2.5 × 5 మి.మీ. చానల్‌ను 2021 ఆగస్టులో అంతరిక్ష కేంద్రానికే పంపారు. కానీ చానల్ చిన్నదయ్యేకొద్దీ ఆ జోరుకు పంపు మీద పడే భారం పెరుగుతుంది. ఆ కరెంటు ఎవరిస్తారు?

రేణిగుంట సోల్డర్:
అయితే అర మిల్లీమీటరు చానళ్లు కోయించమను. పీడా పోతుంది.

పీలేరు ఫిట్టర్:
చానల్లో పోతుంది, హెడర్లో పోదు. చానళ్లన్నిటికీ ద్రవం పంచే ఆ పెద్ద గొట్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చానళ్లు అడ్డంగా వచ్చేలా ప్లేటును నిలబెడితే హెడర్ నిలువుగా నిలబడుతుంది. సన్న చానల్లో బుడగ ఉబ్బితే ముందుకే కాదు, వెనక్కీ తన్నుతుంది. అలా హెడర్లోకి వచ్చిన ఆవిరి పైకెళ్లి చేరుతుంది. పై చానళ్లకు ఆవిరి, కింది వాటికి ద్రవం. పైవి ఎండిపోతాయి. ఒక్కో చానల్ మొదట్లో చిన్న ఇరుకు పెట్టు, వెనక్కి తన్నడం తగ్గుతుంది. మిల్లీమీటర్ల లెక్క ఒక్క చానల్‌కే, ప్లేటుకంతటికీ కాదు.

చంద్రగిరి కుర్రోడు:
నిన్న రాత్రి చేసి చూశాం. చానళ్లు నిలువుగా పెట్టి, ద్రవాన్ని పై నుంచి కిందికి పంపాం. పంపు జోరుగా ఉన్నంతసేపు పడుకోబెట్టినదానికీ దీనికీ తేడా కనిపించలేదు. తగ్గించుకుంటూ వచ్చాం. ఒకచోట బుడగ పైకీ పోదు, కిందికీ రాదు. గాజు కింద అక్కడే వణుకుతూ, సాగుతూ, పక్క బుడగను మింగుతూ కూర్చుంది. ప్లేటు వేడి కొలిచే థర్మోకపుల్ రీడింగ్ ఎగబాకింది, హీటర్ ఆపేశాం. కింది నుంచి పైకి పంపితే అదే జోరుకు హాయిగా నడిచింది. హెడర్ సంగతి రేపు చూస్తాం.

జోడీ ఇంకా ఒప్పుకోలేదు. హీటర్ స్విచ్ మాత్రం వాడే పరుగెత్తి ఆపాడు.