కొలంబో పేరు ఫ్రాంకా? అసలు పేరే లేదా?

రైన్‌కోట్ రాజు: మా ఆఫీసు క్విజ్‌లో టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు అడిగారు. ఫ్రాంక్ అని రాస్తే తప్పన్నారు. ఒక్క మార్కుతో ఓడిపోయాం. 1971 నాటి 'డెడ్ వెయిట్' ఎపిసోడ్‌లో ఆయన పోలీసు కార్డు చూపించే చోట వీడియో ఆపి చూడండి. సంతకం ఫ్రాంక్ కొలంబో అనే ఉంటుంది.

పాతకాపు: రాజూ, అది షూటింగ్ కోసం ఎవరో గీసిన కార్డు. పాత్రను పుట్టించిన లెవిన్సన్, లింక్ ఏనాడూ పేరు పెట్టలేదు. పెట్టకపోవడమే అందం.

నిద్రమత్తు: పేరుదేముంది గానీ, కొలంబో నడిపే ఆ డొక్కు కారు, ప్యూజో 403, ఏ మోడల్?

లక్ష్మి_డల్లాస్: 1959.

రైన్‌కోట్ రాజు: పాతకాపు గారూ, "ఇంకొక్క మాట" అంటూ కొలంబో వెనక్కి రావడం ఎలా పుట్టింది? లెవిన్సన్, లింక్ నాటకం రాస్తుంటే సీను పొట్టిదైంది. మళ్ళీ మొత్తం టైపు చేయలేక, బయటికెళ్ళినవాణ్ణి వెనక్కి రప్పించారు. ఆయన వేసుకునే ఆ రైన్‌కోటు, కొలంబోగా నటించిన పీటర్ ఫాక్ న్యూయార్క్‌లో వాన పడుతుంటే సొంతానికి కొనుక్కున్నది. అవన్నీ కొలంబోవే, కార్డు మాత్రం కాదా?

పాతకాపు: కోటూ పేరూ ఒకటేనా? ఫ్రెడ్ వర్త్ తన ట్రివియా పుస్తకంలో, కాపీ కొట్టినవాళ్ళు దొరకాలని, కావాలనే 'ఫిలిప్ కొలంబో' అని కల్పించి రాశాడు. ట్రివియల్ పర్‌సూట్ అనే క్విజ్ ఆటలో అదే జవాబుగా తేలింది. 1984లో ఆ ఆట వాళ్ళ మీద 30 కోట్ల డాలర్లకు దావా వేసి ఓడిపోయాడు. లేని పేరు అంటగడితే ఇంతే.

రైన్‌కోట్ రాజు: నేను రాసింది ఫ్రాంక్! ఫిలిప్‌ని నా నెత్తిన రుద్దకండి. మీకు చూసేవాళ్ళంటే లెక్కలేదు.

పాతకాపు: లెక్కలేనిది ఎవరికో నాకు తెలుసు. మా సంఘం వార్షికోత్సవానికి నాటిక రాసిచ్చాను. అందులో ముసలాయనకి పేరుండదు, చివరిదాకా "ఏమండీ" అనే పిలుస్తారు. ప్రదర్శన రోజున వెళ్ళి కూర్చుంటే సుబ్బారావు అయిపోయాడు! పిలవడానికి ఇబ్బందిగా ఉందట. పదకొండేళ్ళయింది, ఇంకా మండుతూనే ఉంది. రాసినవాడి మాటకి విలువ లేదా?

రైన్‌కోట్ రాజు: అదా సంగతి. జనం ముందు వేశాక అది మీ ఒక్కరిదే ఎలా అవుతుందండీ?

లక్ష్మి_డల్లాస్: రాజు గారూ, చిన్న సందేహం. క్విజ్ వాళ్ళు ఒప్పుకున్న జవాబేంటి?

రైన్‌కోట్ రాజు: ఫిలిప్.

పాతకాపు: ఓరి నాయనో! మొదట్లోనే చెప్పొద్దటయ్యా?

రైన్‌కోట్ రాజు: మీరు చెప్పనిస్తేగా. అయినా ఫ్రాంకే.