మందుల నిబంధన ఒకటి, సిద్ధాంతాలు మూడు: ఐరోపా సమైక్యతను ప్రాజెక్టులో ఎలా రాయాలి?

తార్నాక విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో రాజనీతిశాస్త్రంలో ఎంఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. నకిలీ మందులను అరికట్టడానికి యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవలసిన ఉమ్మడి చట్టం) మన నగరం చుట్టూ ఉన్న బల్క్ డ్రగ్ (ముడి ఔషధాల) పరిశ్రమపై ఎలా పనిచేసిందన్నది నా ప్రాజెక్టు అంశం. తరగతిలో ఎర్నెస్ట్ హాస్ నియోఫంక్షనలిజం (ఒకచోట మొదలైన సహకారం మరింత సహకారానికి దారితీస్తుందన్నది), స్టాన్లీ హాఫ్‌మన్ ఇంటర్‌గవర్నమెంటలిజం (కీలక విషయాల్లో పట్టు దేశాల ప్రభుత్వాలదేనన్నది), ఆండ్రూ మొరావ్‌చిక్ లిబరల్ ఇంటర్‌గవర్నమెంటలిజం (దేశంలోని ఆర్థిక ప్రయోజనాలే ప్రభుత్వాల బేరాన్ని నడుపుతాయన్నది) వరుసగా చెప్పారు. పరీక్షకు అవి సరిపోయాయి. కానీ డైరెక్టివ్‌ను ముందు పెట్టుకుని కూర్చుంటే ఈ ముగ్గురిలో ఎవరి మాటా దానికి అతకడం లేదు. అందులో ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ వంటి నాయకుడు లేడు, శిఖరాగ్ర సమావేశం లేదు. ముడి ఔషధాల దిగుమతికి ఏ పత్రం కావాలి, ఎవరు తనిఖీ చేయాలి అన్న నిబంధనలే ఉన్నాయి. ఏదో ఒక సిద్ధాంతాన్ని ఎంచుకుని దానికే కట్టుబడి రాయమని మా గైడ్ అంటున్నారు. అలా చేస్తే సగం వివరణ చేజారిపోతుందేమోనని నా భయం. ఈ విషయం చదివినవారు గానీ, మందుల రంగంలో పనిచేసేవారు గానీ దారి చూపగలరా?

విశ్రాంత అధ్యాపకుడు, నల్లకుంట:

అమ్మా, మీ గైడ్ సలహాలో తప్పు లేదు. అయితే అంతకుముందే తేల్చుకోవలసిన మాట ఒకటుంది. సార్వభౌమ దేశాలు తమ అధికారాన్ని పై స్థాయికి ఎందుకు అప్పగిస్తాయన్నది ఆ ముగ్గురి ప్రశ్న. అప్పగించిన తరువాత ఆ అధికారంతో చట్టాలు ఎలా తయారవుతాయన్నది మీ ప్రశ్న. 1951 పారిస్ ఒప్పందం, 1957 రోమ్ ఒప్పందం, 1965లో ఫ్రాన్స్ సమావేశాలకు రాకుండా కుర్చీ ఖాళీగా వదిలిన సంక్షోభం, 1992 మాస్ట్రిక్ట్ వంటి మలుపుల మీద జరిగిన వాదన అది. ఒక దిగుమతి పత్రాన్ని అది నేరుగా వివరించదు.

అలాగని వాటిని పక్కన పెట్టమని నేను అనను, ఎందుకంటే మీ డైరెక్టివ్ వెనుక ఒక చరిత్ర ఉంది. 1950ల చివర, 60ల మొదట్లో థాలిడోమైడ్ వాడిన గర్భిణులకు వేల సంఖ్యలో పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. ఆ విషాదం తరువాత, 1965 జనవరిలో, అప్పటి ఆరు దేశాల యూరోపియన్ ఆర్థిక సమాజం తన తొలి మందుల డైరెక్టివ్‌లో అనుమతి లేని మందు మార్కెట్లోకి రాకూడదని నిర్ణయించింది. ఆ అనుమతిని మాత్రం ఏ దేశానికి ఆ దేశమే ఇచ్చుకునేది. 1975లో ఉమ్మడి నిపుణుల కమిటీని వేసి, ఒక దేశంలో అనుమతి పొందిన కంపెనీ దాన్ని మరో ఐదు దేశాలకు విస్తరించుకునే పద్ధతి పెట్టారు. ఆచరణలో దాదాపు ప్రతి దరఖాస్తుకూ ఏదో ఒక దేశం అభ్యంతరం చెబుతూనే వచ్చింది. 1983లో ఐదును రెండుకు తగ్గించినా చిక్కు వీడలేదు. చివరికి 1995లో లండన్‌లో ఉమ్మడి మందుల సంస్థ పని మొదలుపెట్టింది. అప్పటి నుంచి బయోటెక్నాలజీ మందులకు ఒకే దరఖాస్తు, ఒకే పరిశీలన, సభ్య దేశాలన్నిటా చెల్లే ఒకే అనుమతి. సగం దూరం వెళ్ళిన సహకారం అక్కడ నిలవలేక మరింత ముందుకు సాగవలసి వస్తుందని హాస్ చెప్పిన స్పిల్‌ఓవర్‌కు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించదు.

అయితే అదే మందు ధర దగ్గరికి వచ్చేసరికి ఈ ఊపు ఆగిపోయింది. ఏ మందుకు ఎంత ధర ఉండాలి, ప్రభుత్వ బీమా అందులో ఎంత భరించాలి అన్నది ఇప్పటికీ దేశాల చేతిలోనే ఉంది. లిస్బన్ ఒప్పందం తరువాత అమల్లోకి వచ్చిన యూనియన్ పనితీరు ఒప్పందంలో 168వ అధికరణం ఏడో పేరా ఆరోగ్య సేవల నిర్వహణను, వనరుల కేటాయింపును స్పష్టంగా దేశాలకే వదిలింది. 1989 నాటి ధరల డైరెక్టివ్ నిర్ణీత గడువులో, కారణాలు చూపుతూ నిర్ణయించమని చెబుతుందే తప్ప ఎంత నిర్ణయించాలో చెప్పదు. దాన్ని బిగించాలని యూరోపియన్ కమిషన్ (యూనియన్ కార్యనిర్వాహక సంస్థ) 2012లో పెట్టిన ప్రతిపాదనకు సభ్య దేశాల మద్దతు దొరకలేదు, 2015లో కమిషనే దాన్ని ఉపసంహరించుకుంది. హాఫ్‌మన్ లెక్కలో రక్షణ, విదేశాంగం వంటివి దేశాలు వదులుకోని ఉన్నత రాజకీయాలు. మందుల ధర ఆ కోవలోకి రాదు, అయినా దేశాలు వదల్లేదు. అందుకే ఇక్కడ హాఫ్‌మన్ కంటే, దేశంలోని ఆర్థిక ప్రయోజనాల నుంచి ప్రభుత్వ వైఖరి పుడుతుందన్న మొరావ్‌చిక్ ఎక్కువ పనికొస్తాడని నా అభిప్రాయం.

మరో చిన్న సంగతి. బ్రెగ్జిట్ వల్ల ఆ ఉమ్మడి మందుల సంస్థ లండన్ వదలవలసి వచ్చినప్పుడు, 2017 నవంబరులో మిలాన్‌కూ ఆమ్‌స్టర్‌డామ్‌కూ సమానంగా ఓట్లు పడటంతో చీటీ తీసి ఆమ్‌స్టర్‌డామ్‌ను ఖాయం చేశారు. మందు మంచిచెడులను నిపుణులకు వదిలిన ప్రభుత్వాలే ఆ నిపుణుల కార్యాలయం ఏ ఊళ్ళో ఉండాలో మాత్రం తామే తేల్చుకున్నాయి. మీ మొదటి అధ్యాయం ఈ తేడా మీద నిలబెట్టవచ్చు.

రెగ్యులేటరీ అఫైర్స్ ఉద్యోగి, జీడిమెట్ల:

సిద్ధాంతాల సంగతి సార్ చెప్పారు కనుక, ఆ డైరెక్టివ్ ప్లాంటులో ఎలా కనిపిస్తుందో నేను చెబుతాను. 2013 జూలై 2 నుంచి ఐరోపాకు వెళ్ళే ఏపీఐ (మందులో పనిచేసే ముడి ఔషధం) సరుకుతోపాటు రిటన్ కన్ఫర్మేషన్ అనే పత్రం ఉండాలి. మన దేశంలో దాన్ని ఇచ్చేది కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ. ఆ ప్లాంటులో తయారీ ప్రమాణాలు ఐరోపా ప్రమాణాలకు ఏమాత్రం తక్కువ కావనీ, ముందుగా చెప్పకుండా చేసే తనిఖీలతో సహా క్రమబద్ధమైన, కఠినమైన పర్యవేక్షణ జరుగుతోందనీ, లోపం బయటపడితే ఆ సమాచారాన్ని ఆలస్యం చేయకుండా ఐరోపాకు అందిస్తామనీ ఆ పత్రం హామీ ఇస్తుంది. కంపెనీ తన గురించి తాను ఇచ్చుకునే హామీ కాదిది, ఎగుమతి చేసే దేశపు ప్రభుత్వ సంస్థ ఇవ్వవలసినది. పత్రంలో ప్లాంటు చిరునామా, ఏపీఐల పేర్లు ఉంటాయి. షిప్పింగ్ కాగితాల్లో ఫేజ్ నంబరో ప్లాట్ నంబరో అటూ ఇటూ అయితే దిగుమతిదారు నుంచి వెంటనే ప్రశ్న వస్తుంది, సరుకు అక్కడ ఆగిపోతుంది.

మీ ప్రాజెక్టుకు పనికొచ్చే అంశం మరొకటి. స్విట్జర్లాండ్, జపాన్, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల నియంత్రణ వ్యవస్థ తమదానికి సమానమని కమిషన్ గుర్తించి జాబితాలో చేర్చింది కాబట్టి వాటికి ఈ పత్రం అక్కరలేదు. ఆ జాబితాను మంత్రులో పార్లమెంటో నిర్ణయించరు, అంచనా వేసి నిర్ణయించేది కమిషనే. డైరెక్టివ్ ఎవరు చేశారన్న ప్రశ్నతో ఆగిపోకుండా, దాన్ని అమలు చేసే అధికారం ఎవరి చేతికి వెళ్ళిందో కూడా చూడండి. మా మీద రోజూ పడే భారం అక్కడి నుంచే వస్తుంది.

తార్నాక విద్యార్థిని:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకో సందేహం. సభ్య దేశాల మంత్రులు కూర్చునే కౌన్సిల్‌ను మన జీఎస్టీ కౌన్సిల్‌తో పోల్చి రాయవచ్చా? మా విభాగంలో చదివేవారికి అది సులభంగా అర్థమవుతుంది.

విధాన పరిశోధకురాలు, గచ్చిబౌలి:

పోల్చవచ్చు, కానీ తేడా ఎక్కడుందో చూపడానికే పోల్చండి. జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రానికి మూడో వంతు ఓటు విలువ ఉంది, తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం కాదంటే ఏదీ నెగ్గదు. యూరోపియన్ కమిషన్‌కు కౌన్సిల్‌లో ఒక్క ఓటు కూడా లేదు. సాధారణ చట్టాలకు అక్కడ 27 దేశాల్లో 15, మొత్తం జనాభాలో 65 శాతం కలిస్తే చాలు. అయితే చట్టాన్ని ప్రతిపాదించే హక్కు దాదాపు పూర్తిగా కమిషన్‌దే, కమిషన్ ఒప్పుకోని సవరణను కౌన్సిల్ చేయాలంటే దేశాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి, నచ్చని స్థితి వస్తే కమిషన్ ప్రతిపాదననే వెనక్కి తీసుకోగలదు. ఓటు లేకపోయినా ముసాయిదా దాని చేతిలో ఉంటుంది.

ఈ డైరెక్టివ్‌నే తీసుకోండి. కమిషన్ దాన్ని 2008 డిసెంబరులో ప్రతిపాదించింది. అప్పుడు మందుల వ్యవహారం పరిశ్రమల విభాగం కింద ఉండేది, చర్చ నడుస్తుండగానే ఆరోగ్య విభాగానికి మారింది. అదే 2008లో చైనా నుంచి వచ్చిన హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) ముడిసరుకులో కల్తీ బయటపడి అమెరికాలో మరణాలు సంభవించడంతో ముడి ఔషధాల మీద అందరి దృష్టీ పడింది. కౌన్సిల్ వైపు ముందుగా దేశాల అధికారుల వర్కింగ్ గ్రూపు, ఆపైన కోరెపర్ అనే రాయబారుల కమిటీ వాక్యం వాక్యం పరిశీలిస్తాయి. అక్కడ ఒప్పందం కుదిరితే అది ‘A’ పాయింట్లు అనే జాబితాలోకి ఎక్కి, మంత్రుల ముందు చర్చ లేకుండానే ఆమోదం పొందుతుంది. పార్లమెంటు వైపు పోర్చుగల్ సభ్యురాలు మరీసా మతియాస్ నివేదకురాలు, అంటే ఈ ముసాయిదాపై పార్లమెంటు వైఖరిని సిద్ధం చేసిన సభ్యురాలు. ఇంటర్నెట్లో మందులు అమ్మే సైట్లకు ఉమ్మడి గుర్తు ఉండాలన్నది కమిషన్ ముసాయిదాలో లేదు, పార్లమెంటు పట్టుబట్టి చేర్పించింది. మూడు సంస్థల ప్రతినిధులు ట్రయలాగ్ అనే చిన్న సమావేశాల్లో బేరం తేల్చుకున్న తరువాత, 2011 జూన్ 8న డైరెక్టివ్‌పై సంతకాలయ్యాయి. వాటిలో జరిగిన బేరాన్ని బయటివారు చూడలేరు. ఐరోపా విధాన నిర్ణయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

విలేకరి, సికింద్రాబాదు:

నల్లకుంట సార్‌తో ఒక విషయంలో విభేదిస్తున్నాను. ధర దగ్గర దేశాలు పట్టు వదలవన్నారు. 2020 జూన్‌లో ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్ నాలుగూ కూటమి కట్టి ఆస్ట్రాజెనెకాతో సొంతంగా బేరం మొదలుపెట్టాయి. ఆ నెలలోనే సభ్య దేశాలన్నిటి తరఫున కోవిడ్ టీకాలు కొనే బాధ్యత కమిషన్‌కు వెళ్ళింది, డోసులను జనాభా నిష్పత్తిలో పంచుకున్నారు. ధర మాట్లాడింది కమిషనే కదా?

విశ్రాంత అధ్యాపకుడు, నల్లకుంట:

మంచి అభ్యంతరం, ప్రాజెక్టులో దీనికి చోటు ఉండాలి. అయినా నా మాట నిలుస్తుందనే అనుకుంటున్నాను. ముందస్తు సొమ్ములో పెద్ద భాగం యూనియన్ బడ్జెట్ నుంచి వెళ్ళినా, డోసులు కొని చెల్లించినవి దేశాలే. ఉమ్మడి ఒప్పందాలకు వెలుపల హంగరీ రష్యా, చైనా టీకాలను విడిగా తెచ్చుకుంది. 168వ అధికరణంలో ఒక్క అక్షరం మారలేదు. ఆపద సమయంలో కలిసి కొన్నారు గానీ, ధర నిర్ణయించే హక్కును శాశ్వతంగా వదులుకోలేదు.

అమ్మా, ఇక మీరు చేయవలసిన పని చెబుతాను. 2008 కమిషన్ ప్రతిపాదన, పార్లమెంటు సవరణలు, 2011 తుది పాఠం మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, రిటన్ కన్ఫర్మేషన్ గురించిన 46బి అధికరణాన్ని వాక్యం వాక్యం పోల్చండి. మూడూ యూనియన్ న్యాయ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఏ షరతు ఎవరి దగ్గర పుట్టింది, ఎవరు బిగించారు, ఎవరు సడలించారు అన్నది రాసుకుని మీ గైడ్ దగ్గరికి వెళ్ళండి. ఏ సిద్ధాంతానికి కట్టుబడాలన్న చర్చ అప్పుడు ఆ కాగితం మీదే జరుగుతుంది.